పురిటిగదిలో మొగవాడు

మన ఇళ్లల్లో పురుడు వచ్చిందంటే మొగవాడికి ఏమీ పని ఉండదు. వీధరుగుమీద పచార్లు చెయ్యడం, లోపలినుంచి కేక వినిపిస్తే ఉలిక్కిపడడం, ఎవరో పెద్దావిడ గుమ్మంలోకి వచ్చి ఆడపిల్లో మొగపిల్లాడో చెబితే గడియారం కేసి చూసి వేళ రాసుకోవడం. ఇంతే ఆయనగారి పాత్ర. మా నాన్న నన్ను పదకొండోనాడు పురుడు వెళ్లాకగాని చూడలేదట. ఎత్తుకున్నది మూడోనెలలోనట. అదీ మా బామ్మ పక్కన నిలబడి, మెడకింద చెయ్యి పెట్టించి, "జాగ్రత్త, జాగ్రత్త" అని నాలుగుసార్లు హెచ్చరించాక. ఆయన్ని ఆక్షేపించడానికి చెప్పడం లేదండీ. పురిటిగది ఆడవాళ్ల రాజ్యం. అందులో మొగవాడికి అడుగుపెట్టే హక్కూ లేదు, పెట్టాలన్న కోరికా ఉండేది కాదు.

అల్లాంటి రాజ్యంలో నాకు 2022 జులైలో పద్ధెనిమిది రోజులు కొలువు దొరికింది. ఇప్పించింది గోదావరి.

మేముండేది దుమ్ముగూడెంలో. భద్రాచలానికి ఎగువన, గోదావరి ఎడమగట్టున, అడవిని ఆనుకుని ఉన్న ఊరు. అక్కడ నేను బడిపంతుల్ని. సీతమ్మవారు నారచీరలు ఆరేసుకున్న చోటని యాత్రికులు వెతుక్కుంటూ వచ్చే పర్ణశాల మా మండలంలోదే. గోదావరిమీద ఎగువదాకా పడవలు నడిపించాలని దొరలకు బుద్ధిపుట్టి, పందొమ్మిదో శతాబ్దంలో ఇక్కడ ఆనకట్ట కట్టారు. జాన్ కెయిన్ అనే పాదిరీ ఏళ్ల తరబడి ఇక్కడే కాపురముండి, కోయవారి ఆచారాలమీద ఇంగ్లీషులో వ్యాసాలు రాశాడు. ఊరు తాను కూచున్న చోటునుంచి కదలకుండానే మూడు జిల్లాలు తిరిగింది: 1959 దాకా తూర్పుగోదావరి, ఆ తరవాత ఖమ్మం, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం. మా అత్తగారిది రాజమహేంద్రవరం. పెళ్లి మాటల్లో నేను పనిచేసే ఊరిపేరు విని ఆవిడ కొంచెం దిగులుపడితే, వాళ్ల నాన్నగారు, "భద్రాచలం తాలూకాయేమిటే, మన జిల్లాయే గదా!" అని సర్దిచెప్పారట. ఆయన లెక్కలో ఇంకా 1959 రాలేదు.

తొలికాన్పు పుట్టింటివారి హక్కు. తొమ్మిదోనెల రాగానే మంచిరోజు చూసి మా ఆవిణ్ని రాజమండ్రి తీసుకుపోవాలని నిశ్చయమైంది. అత్తగారు అటకమీంచి ఉయ్యాల దింపించి రంగు వేయించారు. బాలింత కారప్పొడి కొట్టించారు. పాత మెత్తటి చీరలు చింపి పొత్తిగుడ్డలు కత్తిరించి, ఉతికి, మడతలు పెట్టారు. ఈ తతంగంలో నాకు అప్పగించిన బాధ్యత ఒకే ఒకటి. బారసాలకు సెలవు పెట్టుకుని రావడం.

జులై 7వ తేదీ రాత్రి మా ఆవిడ తలనొప్పి అంది. అప్పటికి ముప్పైనాలుగో వారం నడుస్తోంది. సాయంత్రంనుంచీ కాళ్లూ ముఖమూ పొంగి ఉన్నాయి. నర్సమ్మకు కబురు చేస్తే వచ్చి రక్తపోటు చూసి, పట్టీ విప్పి, మళ్లీ కట్టి మళ్లీ చూసింది. పైది 160, కిందిది 110. "మాస్టారూ, బట్టలు సర్దండి" అని 108కి తనే ఫోను చేసింది. వెనకటివాళ్లు గుర్రపువాతం అని హడలిపోయేవారే, ఆ మూర్ఛ వచ్చే ముందు కనిపించే లక్షణాలు ఇవేనట. దానికి అసలు వైద్యం ఒకటే, కాన్పు చేసెయ్యడం. నెలలు నిండాయా లేదా అన్నది తరవాతి సంగతి.

8వ తేదీ తెల్లవారుజామున భద్రాచలం ఆసుపత్రిలో ఆపరేషను చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. నేను అరుగు లేదు గనక వరండాలో పచార్లు చేస్తూ, వంశాచారం ప్రకారం గడియారం కేసి చూసి వేళ రాసుకున్నాను. అక్కడితో నా పాత్ర అయిపోవాలి. కాని నర్సమ్మ ఒక గుడ్డలమూటతో నా ముందునుంచి పరుగులాంటి నడకతో వెడుతూ, "1,640 గ్రాములు. నాతో రండి" అంది.

రాజమండ్రికి ఫోను చేసి చెప్పాను. అవతల కాసేపు నిశ్శబ్దం. మా అత్తగారికి కిలోలు కూరగాయల దగ్గర తెలుసు, గ్రాములు బంగారం దగ్గర తెలుసు.

"అంటే నూట అరవైనాలుగు తులాలా, అల్లుడుగారూ?" అన్నారు.

బజారులో ఇప్పుడు తులం అంటే పది గ్రాములే కదా. అవునన్నాను. "బంగారుతల్లి" అని ఆవిడ ఏడ్చేశారు.

నెలతక్కువ పిల్లల వార్డు మీరు చూశారో లేదో. చూడవలసిన అవసరం ఎవరికీ రాకూడదు. మన దేశంలో జిల్లా ఆసుపత్రులవంటి చోట్ల ఇల్లాంటి ప్రత్యేకమైన వార్డులు పెట్టడం 2003లో పశ్చిమబెంగాలులోని పురూలియాలో మొదలైంది. వరసగా పళ్లేల్లాంటి మంచాలు. ఒక్కొక్కదానిపైన వెచ్చదనమిచ్చే దీపం. ఆ దీపాల కింద అరచేయికన్న కాస్త పెద్ద ప్రాణులు. భద్రాచలానికి మన మన్యంనుంచే కాదు, సరిహద్దు దాటి ఛత్తీస్‌గఢ్ నుంచీ, ఒడిశా నుంచీ కూడా కాన్పులకు వస్తారు. అంచేత ఆ వార్డులో తెలుగు, కోయ, హిందీ, ఒరియా ఒకదానితో ఒకటి కలిసిపోయి వినిపిస్తాయి. పిల్లలు మాత్రం ఏ భాషలోనూ ఏడవరు. ఏడవడానికి తగినంత బలం రావడమే అక్కడ మొదటి శుభవార్త.

మా ఆవిడకు మూర్ఛ రాకుండా సూదిమందు ఎక్కిస్తూ వేరే గదిలో పెట్టారు. లేవకూడదు. పిల్లను ఆపరేషను బల్లమీద ఒక్కక్షణం చూసిందంతే. ఇక్కడ పిల్ల, అక్కడ తల్లి, మధ్య వరండా. ఆ వరండాకి రాయబారిని నేను. ముర్రుపాలు ఎన్ని చుక్కలు వస్తే అన్ని చుక్కలు కావాలని నర్సమ్మ చిన్న గిన్నె ఇచ్చింది. మొదటిరోజు వచ్చినవి మూడు మిల్లీలీటర్లు. ఆ మూడింటినీ నేను పళ్లెంలో దీపం తెచ్చినట్టు రెండుచేతులా పట్టుకుని వరండా దాటించాను. పిల్లకు రెండుగంటలకు ఒకసారి ఎనిమిది మిల్లీలీటర్లు పట్టాలిట. తక్కిన లోటు నరంలోంచి గ్లూకోజు తీర్చింది. పాలు కూడా నోట్లో పొయ్యడం కాదు, సన్నటి గొట్టంలోంచి. పీల్చడం, మింగడం, ఊపిరి తియ్యడం, ఈ మూడూ కలిపి చెయ్యడం పిల్లలకు ముప్పైనాలుగు వారాలు నిండితేగాని కుదరదట. మనం పుట్టుకతో వచ్చిన విద్య అనుకుంటాం గాని, అదీ నేర్చుకోవలసిందే.

ఈలోగా గోదావరి పెరగడం మొదలుపెట్టింది. భద్రాచలంలో పిల్లలకు ఎక్కాలకంటె ముందు మూడు అంకెలు వస్తాయి: 43, 48, 53. నీటిమట్టం 43 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ జులైలో నది ఆ మూడింటినీ దాటి ఇంకా పైకి పోయింది. చర్ల రోడ్డుమీదికి నీళ్లొచ్చి మా ఊరి దారి మూసుకుపోయింది. 1965లో కట్టిన వంతెనమీద రాకపోకలు ఆపేశారు. అటు చింతూరు వైపు దారీ ముంపులోనే. 1986లో 75.6 అడుగులు వచ్చిన వరద తరవాత అంత నీరు రాలేదని పెద్దవాళ్లు అనుకుంటుండగానే, 16వ తేదీన 71.3 అడుగులకు చేరింది. మేమున్న చోటికి నీళ్లు రాలేదు. కరకట్ట ఇవతల మేము, అవతల సముద్రంలాంటి ఎర్రనీరు. రాజమండ్రిలో సంచీ సర్దుకుని కూచున్న అత్తగారికి బస్సు లేదు. ఊళ్లోంచి సాయం వచ్చే పొరుగావిడకు రోడ్డు లేదు. పురిటిగదికి కావలసిన ఆడదిక్కు మొత్తం నీటికి అవతలే ఉండిపోయింది.

అప్పుడు నర్సమ్మ నాకేసి చూసింది. "మీరే ఉన్నారుగా మాస్టారూ" అంది.

చేతులు మోచేతులదాకా సబ్బుతో రుద్ది కడుక్కోవడం మొదటి పాఠం. నా బడిలో పిల్లలకు చెబుతూనే ఉంటాను గాని, ఇంత పట్టుగా ఎవరూ నాచేత కడిగించలేదు. రెండో పాఠం పొత్తిగుడ్డ మార్చడం. మూడోది ఒంటి వేడి తెలుసుకోవడం: పిల్ల పొట్టమీద, అరికాలిమీద చెయ్యి వెనకవైపు ఆనించి చూడాలి. పొట్ట వెచ్చగా ఉండి కాళ్లు చల్లబడితే పిల్లకు చలి పుడుతోందని అర్థం. ఇల్లా తల్లిదండ్రులకు శిక్షణ ఇచ్చి, వార్డులోపలే పిల్లల సంరక్షణలో కలుపుకునే పద్ధతిని ఢిల్లీలోని రామమనోహర్ లోహియా ఆసుపత్రిలో నడిపి చూసి, 2017లో కేంద్ర ఆరోగ్యశాఖ దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చిందట. ఆ కాగితాల సంగతి నాకు తరవాత తెలిసింది. అప్పటికి తెలిసింది నర్సమ్మ కంఠమే.

మధ్యమధ్య రాజమండ్రినుంచి ఫోనులో పాఠాలు వేరు. ముర్రుపాలు పిండి పారబొయ్యండి. ఒక చుక్క ఆముదం నాలిక్కి రాయండి. వస కొమ్ము అరగదీసి పెట్టండి. మీరు పురుడు పదకొండు రోజులూ పిల్లను తాకకండి. నేను అన్నింటికీ "అల్లాగేనండి" అనేవాణ్ని. నర్సమ్మ పక్కనుంచి విని, "దేనికండీ అల్లాగే?" అనేది. పారబొయ్యమన్న ఆ ముర్రుపాలే పిల్లకు మొదటి టీకా లాంటివనీ, ఆముదం, వస దగ్గరికి రానివ్వద్దనీ చెప్పింది. పెద్దావిడ మాటల్లో ఒకటి మాత్రం నిజానికి దగ్గరగా వచ్చింది. మూడోనాడు పిల్ల పసుపుపచ్చగా తిరిగింది. "పొద్దుటెండలో పెట్టండి" అన్నారు అత్తగారు. 1956లో ఇంగ్లండులో రోచ్‌ఫర్డ్ అనే ఊరి ఆసుపత్రిలో, పిల్లల్ని ఎండలో తిప్పే అలవాటున్న ఒక నర్సు, ఎండ తగిలిన చోట కామెర్ల పసుపు తగ్గి, గుడ్డ కప్పిన చోట అల్లాగే ఉండడం గమనించిందట. నీలి దీపాల వైద్యం ఆ చూపులోంచే పుట్టింది. కాకపోతే ఎండను కొలిచి పొయ్యలేం. పచ్చి ఎండలో ఒళ్లు కాలవచ్చు, చల్లగాలికి పిల్ల చల్లబడవచ్చు. అంచేత దీపం. మా పిల్లను కళ్లకు గంతలు కట్టి రెండురోజులు ఆ నీలివెలుగులో పడుకోబెట్టారు.

నాలుగోనాడు మా ఆవిణ్ని చక్రాల కుర్చీలో తీసుకువచ్చాను. గంతలు, ముక్కులో గొట్టం, కాలికి తీగ. ఆమె చాలాసేపు చూసింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. వెనక్కి వెడుతుంటే మెల్లిగా అంది: "ఏమండీ, ఎవరి పిల్లనో చూసివచ్చినట్టుందండీ."

నాకు జవాబు తోచలేదు. కడుపులో ఎనిమిదినెలలు మోసిన మనిషి ఆ మాట అంటే, వరండాలో పచార్లు చేసిన మనిషి ఏమంటాడు? ఇల్లాంటి పురుళ్లలో తల్లికి పెద్ద కష్టం ఇదేనని ఇప్పుడు నా అభిప్రాయం. కుట్లు నొప్పి పెడతాయి, మానుతాయి. కాని చేతులు ఖాళీగా ఉండిపోతాయి. పక్క మంచంమీద ఎవరి పిల్లో ఏడిస్తే పాలు చేపుకొస్తాయి. తన పిల్ల వరండాకు అవతల నీలిదీపం కింద ఉంటుంది.

బరువు సంగతి చెప్పలేదు గదూ! పుట్టిన పిల్లలు మొదట కొన్నాళ్లు తగ్గుతారు. రోజూ పొద్దున్నే తక్కెడలో పెట్టి, గోడమీది కాగితంలో రాసేవారు. 1,640 కాస్తా 1,600 అయింది, 1,560 అయింది, 13వ తేదీకి 1,500. "ఇవాళ తరుగు ఎంత?" అని అత్తగారు అడిగేవారు. కంసాలి తరుగు తీసినట్టే పోయాయి పధ్నాలుగు తులాలు. మా ఆవిడ అన్నం మానేసింది. ఆరోజు పొద్దున్న ఇంకోటి కూడా జరిగింది. మా వరసలో ఐదో మంచం ఖాళీగా కనిపించింది. దుప్పటి మార్చి, దీపం ఆర్పేసి ఉంది. ఆ పిల్లవాడి తండ్రితో కిందటి సాయంత్రం కలిసి టీ తాగాను. ఎవరమూ ఎవరినీ ఏమీ అడగలేదు.

ఆ రాత్రే మా పిల్ల ఊపిరి తియ్యడం మరిచిపోయింది. నేను అలంకారానికి అనడం లేదు, నెలతక్కువ పిల్లలు నిజంగానే మరిచిపోతారట. యంత్రం కీచుమంది. ముఖం ముందు పాలిపోయి, తరవాత పెదవుల దగ్గర నీలం తిరిగింది. నేను "నర్సమ్మా" అనేలోపల ఆవిడ వచ్చి, చూపుడువేలితో పిల్ల అరికాలిమీద రెండుసార్లు కొట్టింది, బడిలో మేము బల్లమీద కొట్టినట్టు. పిల్ల ఉలిక్కిపడి ఊపిరి లాగింది. అంతా కలిపి అరనిమిషం. ఆవిడ ఆ వేళ పుస్తకంలో రాసుకుని వెళ్లిపోయింది. నేను తెల్లవారేదాకా ఆ అరికాలు చూస్తూ కూచున్నాను. నా బొటనవేలంత ఉంది.

మర్నాడు డాక్టరమ్మ వచ్చి, "ఇక కంగారు మొదలుపెడదాం" అంది.

"ఇప్పటిదాకా ఉన్నది చాలదాండీ?" అన్నాను.

ఆవిడ నవ్వింది. అది ఆస్ట్రేలియా జంతువు కంగారూట. పిల్లను కడుపు సంచిలో మోస్తుందే, అది. 1978 ప్రాంతంలో దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశంలో, బొగోటా నగరం ఆసుపత్రిలో, నెలతక్కువ పిల్లల్ని పెట్టే పెట్టెలు చాలక ఒక్కొక్కదాంట్లో ఇద్దర్నీ ముగ్గుర్నీ పెడుతుంటే, ఒకరి జబ్బు ఒకరికి అంటుకుని పిల్లలు పోతుండేవారట. డాక్టరు ఎడ్గార్ రే అనే ఆయన, పెట్టెలు లేకపోతే తల్లులు ఉన్నారు గదా అని, పిల్లల్ని తల్లుల రొమ్ములకు ఒంటికి ఒళ్లు తగిలేటట్టు కట్టించాడు. అసలు ఆ పెట్టె పుట్టుక కూడా చిత్రమే. 1880లో పారిస్‌లో టార్నియే అనే డాక్టరు, జంతుప్రదర్శనశాలలో కోడిగుడ్లు పొదిగించే పెట్టెను చూసి, అల్లాంటిదే పిల్లలకు చేయించాడట. కోడినుంచి పెట్టెకి, పెట్టెనుంచి మళ్లీ తల్లి ఒంటికి రావడానికి వందేళ్లు పట్టింది.

ఇది బీదవాళ్లకు చేసే చవకవైద్యం అనుకునేరు. నేనూ ఆ ప్రశ్నే అడిగాను. 2021లో అచ్చయిన ఒక పెద్ద పరిశీలన సంగతి డాక్టరమ్మ చెప్పింది. మన ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి, ఆఫ్రికా దేశాలు నాలుగింటిలో ఒక్కొక్క ఆసుపత్రి కలిసి చేశాయి. 1,000 నుంచి 1,799 గ్రాముల మధ్య పుట్టిన మూడువేలమంది పైచిలుకు పిల్లల్లో, పుట్టిన వెంటనే ఇల్లా గుండెకు హత్తుకోవడం మొదలుపెట్టినవారిలో నెలలోపల పోయినవారు నూటికి 12 మంది. ముందు దీపం కింద ఉంచి, కుదుటపడ్డాక మొదలుపెట్టినవారిలో దాదాపు 16 మంది. నూటికి నలుగురు! ఆ నలుగురిలో ఎవరి పిల్ల ఉందో ఎవరికి తెలుసు? మా పిల్ల బరువు సరిగ్గా ఆ లెక్కలోకే వస్తుంది.

మా ఆవిడ మొదట భయపడింది. గొట్టం ఊడుతుందేమో, మెడ వాలుతుందేమో, మళ్లీ ఊపిరి మరిచిపోతుందేమోనని. నర్సమ్మ ఆమెను వాలుకుర్చీలో కూచోబెట్టి, పిల్లకు టోపీ, మేజోళ్లు తొడిగి, రొమ్ముల మధ్య నిలువుగా, తల ఒక పక్కకు తిప్పి, కాళ్లు కప్పకాళ్లలా మడిచి పడుకోబెట్టి, పైన గుడ్డ బిగించి కట్టింది. పావుగంట గడిచింది. పిల్ల ముఖంలో ముడత విడిపోయింది. మా ఆవిడ ముఖం నేను చూడలేదు. ఆమె తలవంచి టోపీమీద గడ్డం ఆనించి ఉంది. కాసేపటికి తల ఎత్తకుండానే, "దీని వెంట్రుకలు మీ అమ్మగారివండీ, ఉంగరాలు" అంది. ఎవరి పిల్లనో చూసివచ్చిన మాట మళ్లీ ఎత్తలేదు.

అయితే కుట్లతో ఆమె రెండుగంటలకు మించి కూచోలేదు. రోజులో ఎన్ని గంటలు కడితే అంత మంచిదన్నారు. మిగిలిన గంటల మాట? నర్సమ్మ మళ్లీ నాకేసి చూసింది. "మీరే ఉన్నారుగా."

చొక్కా గుండీలు విప్పి కూచోవడానికి నేను కొంచెం మొగమాటపడ్డాను. అక్కడ నా సందేహం తీర్చినవాడు ఒక కోయ యువకుడు. సరిహద్దు అవతల ఏదో గూడెంనుంచి, వాగులు పొంగకముందే భార్యను డోలీ కట్టి మోయించుకుని వచ్చాడు. వాళ్ల బిడ్డ 1,380 గ్రాములు. నర్సమ్మ ఇల్లా చెప్పగానే అతను చొక్కా తీసి వంకెకు తగిలించి, కొడుకును కట్టించుకుని, తుండుగుడ్డ పైన కప్పుకుని, ఏదో సన్నగా కూనిరాగం తీస్తూ కూచున్నాడు. సిగ్గులేదు, ప్రదర్శనా లేదు. మేక పిల్లను చంకనపెట్టుకున్నంత సహజంగా ఉంది. నాకు కోయ రాదు, అతనికి నాలుగు ముక్కల తెలుగు వచ్చు. పక్క కుర్చీ చూపించి, "కూచో సారూ" అన్నాడు. కూచున్నాను.

పిల్లను నా గుండెమీద పెట్టారు. బరువు తెలియలేదు, వేడి తెలిసింది. ఆ తరవాత లోపల ఏదో చిన్న పిట్ట కొట్టుకుంటున్నట్టు దాని గుండె తెలిసింది. ముప్పైరెండేళ్లుగా నా ఒంటిమీద ఉన్న ఆ రెండుజానల చోటు ఎందుకు పనికొస్తుందో నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

16వ తేదీ రాత్రి అల్లాగే గడిచింది. బయట వీధిలో మైకు గంట గంటకూ అడుగులు చదువుతోంది. లోపల నర్సమ్మ గ్రాములు చదువుతోంది. అవి తగ్గాలని ఊరంతా మొక్కుతోంది, ఇవి పెరగాలని మేము మొక్కుతున్నాం. ఆ ముందురోజే మా పిల్ల కాగితంలో మొదటిసారి పైకి వెళ్లింది. 1,520. ఇరవై గ్రాములు! కోయ యువకుడికి వేళ్లతో చూపించాను. అతను తన కొడుకువి పది అని చూపించాడు. ఇద్దరం తెల్లవార్లూ గుడ్లమీది కోళ్లలా కదలకుండా కూచున్నాం. నీళ్లు ఎంతదాకా వచ్చాయని అతను నన్ను అడగలేదు, నేనూ ఎవర్నీ అడగలేదు.

వంతెన తెరిచాక, కొత్తగూడెం, పాల్వంచల మీదుగా రెండు బస్సులు మారి అత్తగారు వచ్చారు. వచ్చేసరికి నా వంతు నడుస్తోంది. చొక్కా గుండీలు విప్పి, చీరముక్కతో పిల్లను కట్టుకుని, ఉగ్గుగిన్నెతో పాలు పడుతున్నాను. అన్నట్టు, గొట్టం తీశాక పాలు పట్టించింది ఉగ్గుగిన్నెలాంటి దాంతోనే. మన అమ్మమ్మల ఉగ్గుగిన్నెకే ముక్కు కాస్త సాగదీసి, మరగబెట్టి ఇస్తారు. సీసా మాత్రం ఆ ఛాయలకు రానివ్వరు.

"అయ్యో రామ! ఇదేం వేషం, అల్లుడుగారూ?" అన్నారావిడ గుమ్మంలోనే నిలబడిపోయి.

లేచి నమస్కారం పెట్టడానికి లేదు. ఆవిడ ఇంకా ఏదో అనబోతుంటే నర్సమ్మ, "అమ్మగారూ, ముందు చేతులు కడుక్కోండి, తరవాత తిడుదురుగాని" అంది. ఆవిడ కడుక్కుని వచ్చి నా పక్కన బల్లమీద కూచుని, టోపీ కిందినుంచి కనిపిస్తున్న ముఖం చాలాసేపు చూశారు. చూసి చూసి, మా ఆవిడతో, "నీకంటె ముందొకడు పుట్టాడే" అన్నారు.

మా ఆవిడకు ఆ సంగతి తెలియదు. ముప్పైఏళ్లుగా ఆ ఇంట్లో ఎవరూ చెప్పలేదు. ఏడోనెలలో పుట్టాడట. దూదిలో చుట్టి, చాటలో పడుకోబెట్టి, పక్కన నిప్పుల కుంపటి పెట్టారట. పురుడు గనక ఆయన్ని, అంటే మా మామగారిని, గదిలోకి రానివ్వలేదు. తనకు జ్వరం గనక తననూ ఎత్తుకోనివ్వలేదు. తొమ్మిదిరోజులు ఉన్నాడట.

"దూదిలో పెట్టాం గాని, ఒంటికి పెట్టుకోవచ్చని ఎవరూ చెప్పలేదే" అన్నారావిడ. అంతకుమించి ఏమీ అనలేదు. కాసేపయ్యాక నర్సమ్మను పిలిచి, "నాలాంటి ముసలిదానికి కట్టవచ్చునా అమ్మా?" అని అడిగారు. కట్టవచ్చునంది. ఆనాటినుంచి నా గంటల్లో సగం ఊడిపోయాయి. అడిగితే, "మీకు అలవాటు లేనిపని, పడుకోండి" అనేవారు.

పదకొండోనాటి పుణ్యాహం ఎప్పుడో ఆసుపత్రిలోనే దాటిపోయింది. మైల ఎవరికి, శుద్ధి ఎవరికి అన్న విచారణ రాలేదు. రోజుకు ఎన్నోసార్లు మోచేతులదాకా కడుక్కునే మనిషికి ఇంకే శుద్ధి కావాలి అని ఆవిడే సమాధానపరుచుకున్నారు.

వరసగా బరువు పెరుగుతూ, దీపం లేకుండా ఒంటివేడి నిలబెట్టుకుంటూ ఉండడంతో 26వ తేదీన ఇంటికి పంపించారు. 1,730 గ్రాములు. కోయ దంపతులు ఇంకా ఉన్నారు. వాళ్లబ్బాయి పుట్టిన బరువును అప్పుడప్పుడే అందుకుంటున్నాడు. వెళ్లివస్తామని చెప్పడానికి భాష చాలలేదు. అతను మా పిల్ల టోపీ సరిచేశాడు, నేను వాళ్ల పిల్లవాడి పాదం ముట్టుకున్నాను. చర్ల రోడ్డు పొడుగునా చెట్లకు మనిషి ఎత్తున బురదగీత. ఆ గీత చూస్తూ ఇంటికి వచ్చాం.

ఆసుపత్రి వదిలాక ఆసుపత్రి మమ్మల్ని వదల్లేదు. ఊళ్లో ఆశా కార్యకర్త ఏడోనాడు, పధ్నాలుగోనాడు, ఇరవయ్యొకటోనాడు, ఇల్లా నలభైరెండోనాటి దాకా ఇళ్లకు వచ్చి పసిపిల్లల్ని చూసి వెళ్లాలని లెక్క ఉంది. ఇంటికే వచ్చి చూసే ఈ పద్ధతికి పునాది కూడా అడవి ప్రాంతంలోనే పడింది. మనకు ఎగువన మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో, అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే డాక్టరు దంపతులు పల్లెల్లోని ఆడవాళ్లకు శిక్షణ ఇచ్చి, 1990లలో పసికందుల చావుల్ని సగానికి పైగా తగ్గించి చూపించారు. మా ఆశా అమ్మాయి మొదటి రెండు విడతలూ మేము ఆసుపత్రిలో ఉండగానే గడిచిపోయాయని నొచ్చుకుని, ఆ బాకీ వడ్డీతో సహా తీర్చింది.

ఇంట్లోనూ కట్టుకోవడం మానలేదు. పిల్ల రెండున్నర కిలోలకు వచ్చేదాకా కట్టమన్నారు. రాత్రి ఒంటిగంటనుంచి నాలుగుదాకా నాది. మా వీధిలో మొదట నవ్వారు. కిరాణాకొట్టు ఆయన, "మాస్టారూ, పాలు కూడా ఇస్తున్నారా?" అన్నాడు. ఇస్తున్నాను, ఉగ్గుగిన్నెతో, అన్నాను. రెండు నెలలు తిరక్కుండా ఆయన కోడలికి కవలలు పుట్టారు. ఆయనే మా గుమ్మంలోకి వచ్చి, ఆ గుడ్డ ఎల్లా కట్టాలో ఒకసారి చూపించమన్నాడు.

నలభైరెండోనాడు ఆశా అమ్మాయి ఉయ్యాల తక్కెడ దూలానికి తగిలించి పిల్లను అందులో పెట్టింది. మా ఆవిడ, నేను, అత్తగారు ముగ్గురం ముల్లుకేసే చూస్తున్నాం. 2,460. ఆ అమ్మాయి పుస్తకంలో రాసుకుని, "ఇంకో నలభై గ్రాములు వస్తే మీరు గుడ్డ విప్పెయ్యవచ్చు" అంది.

"నాలుగు తులాలు" అన్నారు అత్తగారు. రాజమండ్రికి మర్నాటి ప్రయాణం కట్టుకున్న సంచీ మళ్లీ విప్పి, చీరలు అలమరలో పెట్టుకున్నారు.